మళ్లీ బండి నడపాలంటే

పెళ్లికి ముందు బండి నడిపిన ఆడవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. ఒకామె నాన్న లూనా మీద నేర్చుకుంది. ఇంకొకామె అన్న టీవీఎస్ 50 మీద నేర్చుకుంది. చేలో ఉన్నవాళ్లకి అన్నం క్యారియరు తీసుకెళ్లారు. చెల్లెల్ని బడి దగ్గర దించి వచ్చారు. తర్వాత పెళ్లయింది. అత్తవారింట్లో బండి ఉన్నా అది మగవాళ్ల బండే అయింది. కడుపుతో ఉన్నప్పుడు ఎక్కొద్దన్నారు. పిల్లలు పుట్టారు. పనులు పెరిగాయి. అలా పదేళ్లు, ఇరవై ఏళ్లు గడిచిపోయాయి.

అవసరం మాత్రం ఆగలేదు. తెల్లవారి పాలకేంద్రం మూసేలోగా పాలు పొయ్యాలి. పొదుపు సంఘం డబ్బు బ్యాంకులో కట్టాలి. రాత్రిపూట బిడ్డకి జ్వరం వస్తే ఎవరి తలుపు కొట్టాలా అని చూడాలి. భర్త తాగి ఉన్నా అతని వెనకే కూర్చుని ఇంటికి రావాలి. బండి వాకిట్లోనే ఉంటుంది. నడపటం వచ్చిన మనిషి ఇంట్లోనే ఉంటుంది. కానీ రెండూ కదలవు.

ఇలాంటి వాళ్లు మళ్లీ బండి నడపొచ్చా? నడపొచ్చు. కాని ఆపిన చోటి నుంచే నేరుగా మొదలుపెట్టకూడదు. ఈ మధ్యలో మనిషి మారింది. బండి మారింది. రోడ్డు మారింది. చట్టం కూడా మారింది. ఆ మార్పులు తెలుసుకుని మొదలుపెడితే భయం ఉండదు.

నేర్చిన విద్య మర్చిపోతామా?

ఈత, సైకిలు, బండి. ఇవి ఒకసారి వస్తే పూర్తిగా పోవు. బండి ఏ పక్కకి ఒరుగుతోందో, ఎంత సర్దుకోవాలో ఒంటికి గుర్తుంటుంది. చాలా ఏళ్ల తర్వాత ఎక్కినా కాసేపటికే బండి నిలబడుతుంది.

అసలు చిక్కు అక్కడే ఉంది. బండి నిలబడగానే "నాకు అంతా వచ్చేసింది" అనిపిస్తుంది. కాని ఎదురుగా వచ్చే లారీ ఎంత దూరంలో ఉందో, ఎంత వేగంగా వస్తోందో లెక్క వెయ్యటం వేరే విద్య. అది రోజూ వాడితేనే పదునుగా ఉంటుంది. వాడకపోతే కొడవలిలాగా తుప్పు పడుతుంది. బ్రేకు ఎప్పుడు వెయ్యాలి, ఎంత గట్టిగా వెయ్యాలి అన్నదీ అంతే.

వయసుతో ఒంట్లోనూ మార్పు వస్తుంది. నలభై దాటాక చాలామందికి చూపు తగ్గుతుంది. రాత్రిపూట ఎదుటి బండి లైటు పడితే కళ్లు తేరుకోవటానికి ఎక్కువసేపు పడుతుంది. మోకాళ్లు, మణికట్టు నొప్పి పెట్టొచ్చు. జలుబు మందులు, నిద్ర మందులు మత్తు తెస్తాయి. అందుకని బండి కంటే ముందు కళ్లు చూపించుకోవాలి. కళ్లద్దాలు రాస్తే పెట్టుకునే నడపాలి. మందులు వాడేవాళ్లు డాక్టరు దగ్గర ఒక మాట అడగాలి: "ఈ మందు వేసుకుని బండి నడపొచ్చా?"

చిన్న బండి ఎందుకు మంచిది?

మళ్లీ మొదలుపెట్టేవాళ్లకి చిన్న బండే మేలు. కారణం బరువు. టీవీఎస్ ఎక్స్ఎల్ 100 లాంటి మోపెడు సుమారు 80 నుంచి 90 కిలోలు ఉంటుంది. హోండా యాక్టివా లాంటి స్కూటరు వంద కిలోలు దాటుతుంది. హీరో స్ప్లెండర్ లాంటి మోటారు సైకిలు 110 కిలోల పైన ఉంటుంది. పెద్ద బుల్లెట్టు బండి రెండు వందల కిలోలకు దగ్గరగా ఉంటుంది.

నడిచే బండి తన బరువు తానే మోసుకుంటుంది. ఆగిన బండి బరువు మాత్రం మనిషి కాలి మీద పడుతుంది. ఎక్కువమంది తడబడేది బండి ఆగేటప్పుడే. వెనక్కి తిప్పేటప్పుడు, స్టాండు వేసేటప్పుడు కూడా తడబడతారు. అందుకని బండి ఎంచుకునేటప్పుడు మూడు సంగతులు చూడాలి.

ఒకటి. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకి ఆనాలి. మునివేళ్లు మాత్రమే ఆనితే ఆ బండి ఆమెకి ఎత్తు.
రెండు. ఎవరి సాయమూ లేకుండా సెంటర్ స్టాండు వెయ్యగలగాలి.
మూడు. ఇంజను ఆపి, బండిని పది అడుగులు వెనక్కి నెట్టగలగాలి.

ఈ మూడూ చెయ్యగలిగితే అది ఆమెకి సరిపడే బండి. పక్కింటివాళ్లు ఏం కొన్నారన్నది లెక్కలోకి రాదు.

పాత బండికీ కొత్త బండికీ తేడాలు

1990లలో నేర్చుకున్నవాళ్లకి ఇప్పటి బండ్లలో కొన్ని సంగతులు కొత్తగా ఉంటాయి.

పెట్రోలులో ఆయిలు కలపటం: పాత లూనాలు, టీవీఎస్ 50లు టూ స్ట్రోక్ బండ్లు. వాటికి పెట్రోలులో ఆయిలు కలిపి పొయ్యాలి. ఇప్పుడు వచ్చే బండ్లు ఫోర్ స్ట్రోక్ బండ్లు. వీటికి పెట్రోలు ట్యాంకులో పెట్రోలే పొయ్యాలి. ఇంజను ఆయిలుకి వేరే చోటు ఉంటుంది. పాత అలవాటు కొద్దీ ట్యాంకులో ఆయిలు కలిపితే బండి పాడవుతుంది.

చోకు: పాత బండ్లకి చలికాలం పొద్దున్నే చోకు లాగి కిక్కు కొట్టేవాళ్లు. 2020 ఏప్రిల్ 1 నుంచి పొగ తగ్గించే కొత్త నియమం వచ్చింది. దానితో చాలా బండ్లలో చోకు పోయింది. ఎంత పెట్రోలు వెళ్లాలో ఇప్పుడు బండే చూసుకుంటుంది.

లైటు: 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లకి ఇంజను నడుస్తున్నంతసేపు ముందు లైటు వెలుగుతూనే ఉంటుంది. ఆర్పే స్విచ్చి ఉండదు. అది లోపం కాదు. పగటిపూట కూడా ఎదుటివాళ్లకి బండి కనపడాలని అలా పెట్టారు.

బ్రేకు: 2019 ఏప్రిల్ నుంచి చిన్న బండ్లకి కూడా జంట బ్రేకు పద్ధతి వచ్చింది. వెనక బ్రేకు వేస్తే కొంత పట్టు ముందు చక్రం మీద కూడా పడుతుంది. పాత బండిలో అలా ఉండదు. ఏ బండి ఎక్కినా ముందుగా ఆ బండి బ్రేకు ఎలా పడుతుందో మెల్లగా వేసి చూడాలి.

గేర్లు: మోపెడుకీ స్కూటీకీ గేర్లు మార్చే పని లేదు. గేర్ల బండిలో కొన్నిటికి అన్ని గేర్లూ కిందకే తొక్కాలి. కొన్నిటికి మొదటిది కిందకి, మిగిలినవి పైకి. బండి ఇచ్చినవాళ్లని ముందే అడిగి తెలుసుకోవాలి.

ఏళ్ల తరబడి మూలన ఉన్న బండి

పశువుల కొట్టంలో పట్టా కప్పి ఉంచిన పాత బండిని వెంటనే కిక్కు కొట్టి రోడ్డెక్కించకూడదు. ముందు మెకానిక్కు దగ్గర ఈ పనులు చేయించాలి.

నిలవ పెట్రోలు తీసేసి కొత్తది పోయించాలి. నిలవ పెట్రోలు జిగురుగా మారి సన్నటి దారులు మూసేస్తుంది. ఇంజను ఆయిలు మార్పించాలి. బ్రేకు తీగలు తుప్పు పట్టాయేమో చూపించాలి. చూడటానికి బాగానే ఉన్న తీగ గట్టిగా నొక్కినప్పుడే తెగుతుంది. గట్టిగా నొక్కేది ప్రమాదం ఎదురైనప్పుడే కదా! ఎలుకలు వైర్లు కొరికాయేమో చూడాలి. గొలుసు బిగువు చూసి ఆయిలు వెయ్యాలి.

తర్వాత టైర్లు. టైరు మీద గళ్లు లోతుగా కనపడుతున్నా రబ్బరు ముసలిదై ఉండొచ్చు. గోరుతో గీరితే చిన్న చిన్న పగుళ్లు కనపడతాయి. టైరు వయసు తెలుసుకునే ఉపాయం ఒకటి ఉంది. టైరు పక్కన నాలుగు అంకెలు వరసగా ఉంటాయి. ఉదాహరణకి 2319 అని ఉందనుకుందాం. మొదటి రెండు అంకెలు వారం. చివరి రెండు అంకెలు సంవత్సరం. అంటే 2019లో 23వ వారంలో ఆ టైరు తయారైందని అర్థం. అంకెలు చదవటం వచ్చిన మనిషిని పాత టైరు ఇచ్చి మోసం చెయ్యటం కష్టం.

ఏ కాగితాలు కావాలి?

బండి మీద వెళ్లేటప్పుడు నాలుగు కాగితాలు ఉండాలి. లైసెన్సు, ఆర్.సి., ఇన్సూరెన్సు, పొగ సర్టిఫికెట్టు. ఇవి ఫోనులో డిజిలాకర్‌లో ఉన్నా చెల్లుతాయి.

లైసెన్సు: లైసెన్సు మీద ఎప్పటి వరకు చెల్లుతుందో తేదీ ఉంటుంది. ముందు ఆ తేదీ చదవాలి. తేదీ దాటి ఏడాది కాకపోతే రెన్యూవల్ చేయించుకోవచ్చు. అయితే తేదీ దాటిన రోజు నుంచి రెన్యూవల్ అయ్యేదాకా బండి నడపకూడదు. తేదీ దాటి ఏడాది మించితే మళ్లీ బండి నడిపి చూపించి, పరీక్ష పాసవ్వాలి.

ఇప్పుడు లైసెన్సు ఎన్నేళ్లు ఇస్తారన్నది వయసు మీద ఉంటుంది. 30 ఏళ్ల లోపు వాళ్లకి 40 ఏళ్లు వచ్చేదాకా ఇస్తారు. 30 నుంచి 50 ఏళ్ల లోపు వాళ్లకి పదేళ్లు ఇస్తారు. 50 నుంచి 55 లోపు వాళ్లకి 60 ఏళ్లు వచ్చేదాకా, ఆపైన వాళ్లకి అయిదేళ్లు ఇస్తారు. నలభై దాటినవాళ్లు డాక్టరు సర్టిఫికెట్టు కూడా పెట్టాలి.

పెళ్లికి ముందు లైసెన్సు లేకుండానే నడిపినవాళ్లు చాలామంది. వాళ్లు కొత్తగా మొదలుపెట్టాలి. ముందు ఎల్.ఎల్.ఆర్. తీసుకోవాలి. అది ఆరు నెలలు చెల్లుతుంది. తీసుకున్న 30 రోజుల తర్వాత అసలు లైసెన్సు పరీక్షకి వెళ్లొచ్చు. నేర్చుకునేటప్పుడు బండికి ముందూ వెనకా ఎర్ర రంగుతో 'ఎల్' అక్షరం ఉండాలి. నేర్పేవాళ్లని తప్ప వేరెవరినీ వెనక ఎక్కించుకోకూడదు.

సొంత బండి లైసెన్సుకి ఇన్ని తరగతులు చదివి ఉండాలని చట్టం అడగదు. కాని ఎల్.ఎల్.ఆర్. పరీక్షలో రోడ్డు గుర్తుల మీద, నియమాల మీద ప్రశ్నలు వస్తాయి. ప్రశ్న చదివి జవాబు గుర్తు పెట్టాలి. అసలు పరీక్షలో చాలా చోట్ల 8 అంకె ఆకారంలో బండి తిప్పమంటారు. పలక మీద దిద్దిన 8నే ఇప్పుడు నేల మీద బండితో దిద్దాలి. అంతే తేడా.

ఆర్.సి.: కొత్త బండి రిజిస్ట్రేషను 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత బండిని ఆర్.టి.ఓ. ఆఫీసులో చూపించి, అయిదేళ్లకి రెన్యూవల్ చేయించాలి. కొట్టంలో ఉన్న పాత బండికి ఈ గడువు దాటి ఉండొచ్చు.

ఇన్సూరెన్సు: బండి తగిలి ఎదుటివాళ్లకి దెబ్బ తగిలితే నష్టపరిహారం ఇచ్చేది ఇన్సూరెన్సు కంపెనీ. ఇది లేకపోతే ఆ డబ్బు బండి యజమాని కట్టాలి. ఉన్న ఎకరం అమ్ముకోవాల్సి రావొచ్చు. బండి ఆమె పేరు మీదే ఉండి, పాలసీలో యజమాని ప్రమాద బీమా కూడా తీసుకుంటే 15 లక్షల రూపాయల దాకా రక్షణ ఉంటుంది. కాని నడిపినప్పుడు ఆమెకి చెల్లే లైసెన్సు ఉండాలి. లేకపోతే ఆ డబ్బు రాదు. లైసెన్సు పోలీసులకి చూపించటానికి మాత్రమే కాదు. అది పిల్లల భద్రత కోసం.

లైసెన్సు లేకుండా నడిపితే చట్టంలో 5,000 రూపాయల జరిమానా ఉంది. ఇన్సూరెన్సు లేకపోతే మొదటిసారి 2,000 రూపాయలు. జైలుశిక్ష కూడా ఉండొచ్చు.

బ్యాటరీ స్కూటర్లలో కొన్నిటికి లైసెన్సు అక్కరలేదు. గంటకి 25 కిలోమీటర్లు మించి వెళ్లని, చిన్న మోటారు ఉన్న బండ్లు అవి. ఎక్కువ వేగం వెళ్లే బ్యాటరీ బండ్లకి లైసెన్సు, రిజిస్ట్రేషను రెండూ ఉండాలి. కొనేటప్పుడే గట్టిగా అడగాలి.

హెల్మెట్టు, చీర, చున్నీ

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ప్రతి వందమందిలో 44 మంది రెండు చక్రాల బండ్ల మీద వెళ్లినవాళ్లు. రెండు చక్రాల బండికి చుట్టూ గోడ లేదు. తలకి ఉన్న గోడ హెల్మెట్టు ఒక్కటే.

నడిపేవాళ్లూ వెనక కూర్చున్నవాళ్లూ ఇద్దరూ పెట్టుకోవాలని చట్టం. నాలుగేళ్లు దాటిన పిల్లలకి కూడా. పెట్టుకోకపోతే 1,000 రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు అని చట్టంలో ఉంది. హెల్మెట్టు మీద ఐ.ఎస్.ఐ. గుర్తు ఉండాలి. కొప్పు పెద్దదిగా పెట్టుకుంటే హెల్మెట్టు తలకి సరిగా పట్టదు. జడ కిందకి వేసుకోవాలి. గడ్డం కింద పట్టీ బిగించాలి. పట్టీ పెట్టని హెల్మెట్టు తలకంటే ముందు ఎగిరిపోతుంది.

చీర కొంగు, చున్నీ చక్రంలో చిక్కుకుని ఎందరో పడిపోయారు. మెడకి చుట్టిన చున్నీ చక్రంలో చిక్కితే మెడకి ఉరి పడుతుంది. బండి నడిపే ముందు కొంగు నడుముకి దోపి పిన్ను పెట్టాలి. చున్నీ రెండు కొనలూ వెనక ముడి వెయ్యాలి. వెనక కూర్చునేవాళ్ల బట్టలు చిక్కకుండా వెనక చక్రానికి అడ్డుజాలీ ఉండాలని, పట్టుకోవటానికి పిడి, పాదాలు పెట్టుకోవటానికి మెట్టు ఉండాలని నియమాల్లోనే ఉంది. అందం కోసం జాలీ పీకించేస్తే ఒప్పుకోకూడదు. కాలికి వెనక పట్టీ ఉన్న చెప్పులు మేలు.

సాధన ఎలా మొదలుపెట్టాలి?

ఒక్కరోజులో రోడ్డెక్కకూడదు. కొన్ని రోజులు వరసగా, పొద్దున్నే అరగంట చేస్తే చాలు. బడి మైదానం కానీ, బండ్లు రాని ఖాళీ స్థలం కానీ చూసుకోవాలి. పక్కన తెలిసినవాళ్లు ఒకరు ఉండాలి.

మొదటి రోజు ఇంజను వెయ్యకూడదు. బండిని నెట్టటం, తిప్పటం, స్టాండు వెయ్యటం, తియ్యటం.

రెండో రోజు ఇంజను వేసి, నడక వేగంతో నేరుగా పోవటం, ఆపటం. ఆపటం పదిసార్లు చెయ్యాలి. బండి నడపటంలో మొదటి పాఠం ఆపటమే.

మూడో రోజు, నాలుగో రోజు మలుపులు. మొదట పెద్ద సున్నా, తర్వాత చిన్న సున్నా, తర్వాత 8. మలుపులో కింద చక్రం వైపు చూడకూడదు. ఎటు పోవాలో అటే చూడాలి. కళ్లు ఎటు పోతే బండి అటే పోతుంది. గుంటనే చూస్తే గుంటలోకే పోతుంది.

అయిదో రోజు బ్రేకులు. ముందు బ్రేకు, వెనక బ్రేకు రెండూ కలిపి వెయ్యాలి. ముందు బ్రేకు వేస్తే బోర్లా పడతామని చాలామంది వెనక బ్రేకు మాత్రమే వేస్తారు. ఆగేటప్పుడు బరువంతా ముందుకి వస్తుంది. అందుకని ముందు బ్రేకుకే ఎక్కువ పట్టు. కాకపోతే ఒక్కసారిగా లాగకూడదు. నిమ్మపండు పిండినట్టు మెల్లగా మొదలుపెట్టి గట్టి చెయ్యాలి. ఇసుక మీద, బురద మీద, మలుపులో ముందు బ్రేకు గట్టిగా వెయ్యకూడదు.

ఆరో రోజు అద్దం చూడటం, ఇండికేటరు వెయ్యటం. ఏడో రోజు ఊరి లోపల రోడ్డు. పొద్దున రద్దీ లేనప్పుడు మాత్రమే. ఇదంతా చేతికి బాగా వచ్చాకే పెద్ద రోడ్డు. వెనక మనిషిని ఎక్కించుకోవటం, పాలక్యాన్లు పెట్టుకోవటం అన్నిటికంటే చివర. క్యాన్లు రెండు పక్కలా సమానంగా, కిందకి ఉండేలా కట్టాలి. ఒక పక్కే బరువుంటే బండి ఆగినప్పుడు అటు లాగేస్తుంది. ఎవరికైనా ఎక్కువ రోజులు పడితే అది తప్పు కాదు.

వేగం లెక్క

గంటకి 40 కిలోమీటర్ల వేగం అంటే ఒక్క సెకనులో 11 మీటర్లు. అంటే దాదాపు 12 గజాలు. ఎదురుగా గేదె అడ్డం వచ్చింది. కన్ను చూసి, చెయ్యి బ్రేకు పట్టేసరికి ఒక సెకను పోతుంది. ఇంకా బ్రేకు పడకముందే 12 గజాలు పోయాయి. ఆ తర్వాతే బండి ఆగటం మొదలవుతుంది.

ఇంకో సంగతి. వేగం రెండింతలైతే బ్రేకు పడ్డాక ఆగే దూరం రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. వేగం మూడింతలైతే తొమ్మిదింతలు. మంచి రోడ్డు మీద 20 వేగంలో బ్రేకు పడ్డాక సుమారు 3 మీటర్లలో ఆగే బండి, 40 వేగంలో 12 మీటర్లు తీసుకుంటుంది. 60 వేగంలో దాదాపు 27 మీటర్లు. అందుకే మళ్లీ మొదలుపెట్టినవాళ్లకి మొదటి నెలల్లో 30, 40 వేగం చాలు. నిదానం ప్రధానం అన్నది ఊరికే అన్న మాట కాదు.

రోడ్డు మీద ఏం చూడాలి?

గుర్తుల ఆకారాలకి అర్థం ఉంది. గుండ్రటి గుర్తు అంటే ఆజ్ఞ. చెప్పినట్టు చెయ్యాలి. మూడు మూలల గుర్తు అంటే హెచ్చరిక. ముందు మలుపో, బడో, గతుకో ఉంది. నలుచదరపు నీలం గుర్తు అంటే సమాచారం. ఆసుపత్రి, పెట్రోలు బంకు ఎక్కడున్నాయో చెబుతుంది. ఎనిమిది మూలల ఎర్ర గుర్తు అంటే పూర్తిగా ఆగాలి.

పల్లె రోడ్ల మీద గుర్తు లేని ప్రమాదాలు కూడా ఉంటాయి. రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, మొక్కజొన్నలు చక్రం కింద గోళీల్లా జారతాయి. తొలకరి వాన పడగానే రోడ్డు మీది ఆయిలు, దుమ్ము కలిసి జారుడుగా అవుతుంది. వెనక లైటు లేని ట్రాక్టరు చీకట్లో కనపడదు. రంగు వెయ్యని స్పీడు బ్రేకరు దగ్గరకి వచ్చేదాకా తెలియదు.

ఊరి దారి నుంచి పెద్ద రోడ్డు ఎక్కేటప్పుడు పూర్తిగా ఆగాలి. ముందు కుడి వైపు చూడాలి. తర్వాత ఎడమ వైపు. మళ్లీ కుడి వైపు. "ఆ లారీ వచ్చేలోగా దాటేయొచ్చు" అనిపిస్తే దాటకూడదు. ఆ లారీ పోయాకే దాటాలి.

పడితే ఏం చెయ్యాలి?

సాధనలో ఎప్పుడైనా బండి ఒరిగిపోవచ్చు. అప్పుడు బండిని కాపాడాలని పట్టుకుని లాగకూడదు. వదిలేసి పక్కకి జరగాలి. అద్దం పగిలితే కొత్తది వేయించొచ్చు. కాలు విరిగితే నెలలు పడుతుంది.

రోడ్డు మీద ప్రమాదం జరిగితే 108కి ఫోను చెయ్యాలి. దెబ్బ తగిలినవాళ్ల హెల్మెట్టు తెలియనివాళ్లు లాగి తియ్యకూడదు. మెడ కదిలితే ప్రమాదం. సాయం చేసినవాళ్లని పోలీసులు, ఆసుపత్రివాళ్లు ఇబ్బంది పెట్టకూడదని 2019లో చట్టంలోనే చేర్చారు. పేరు చెప్పమని బలవంతం కూడా చెయ్యకూడదు.

నలుగురూ ఏమంటారో?

"ఏమే కోడలా, ఈ వయసులో నీకు బండి కావాల్సి వచ్చిందా?" అని అరుగు మీది పెద్దమ్మ అడగొచ్చు. "పెద్దత్తా, నీకు షుగరు మాత్రలు తెచ్చి పెట్టాలన్నా బండే కావాలి కదా" అని చెప్పొచ్చు. పోట్లాడక్కర్లేదు.

తమిళనాడులో పుదుక్కోట్టై అనే జిల్లా ఉంది. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. చదువుతో పాటు ఆడవాళ్లకి సైకిలు కూడా నేర్పారు. కూలిపనివాళ్లు, క్వారీలో రాళ్లు కొట్టేవాళ్లు, నర్సులు, టీచర్లు వేలమంది నేర్చుకున్నారు. వాళ్లనీ మొదట్లో ఎగతాళి చేశారు. తర్వాత ఆడవాళ్లు సైకిలు మీద నీళ్లు తెచ్చారు, సరుకులు తెచ్చారు, బస్సు కోసం కాచుకుని కూర్చోవటం తగ్గింది. నవ్వినవాళ్లకి అది మామూలైపోయింది.

బండి నడిపే ఆడమనిషి తాగినవాడి వెనక కూర్చుని రావక్కర్లేదు. తాళం చెవి అడిగి తీసుకోవచ్చు. పాల డబ్బు ఎంత రాశారో తనే వెళ్లి, తనే చదివి, తనే తెచ్చుకోవచ్చు. చదువు వచ్చిన కన్నుకి బస్సు బోర్డు తెలిసింది. బండి వచ్చిన చేతికి బస్సు రాని ఊరు కూడా దగ్గరవుతుంది.

గుర్తుంచుకోవలసినవి

1. ముందు కళ్లు, తర్వాత కాగితాలు, తర్వాత బండి, ఆ తర్వాతే రోడ్డు.
2. రెండు పాదాలూ నేలకి ఆనే బండి ఎంచుకోవాలి.
3. ఇద్దరికీ హెల్మెట్టు. కొంగుకి పిన్ను. చున్నీకి ముడి.
4. ముగ్గురు ఎక్కకూడదు. తాగినవాళ్లకి తాళం ఇవ్వకూడదు.
5. రెండు బ్రేకులూ కలిపి, మెల్లగా.

చర్చించండి

1. మీ ఊళ్లో ఒకప్పుడు బండి నడిపి, తర్వాత మానేసిన ఆడవాళ్లు ఎవరున్నారు? ఎందుకు మానేశారు?
2. ఇంట్లో ఉన్న లైసెన్సు, ఆర్.సి., ఇన్సూరెన్సు తీసి చదవండి. వాటి మీద ఏ తేదీలు ఉన్నాయి? ఏది గడువు దాటింది?
3. బండి టైరు మీద నాలుగు అంకెలు వెతకండి. ఆ టైరు ఏ సంవత్సరంలో తయారైంది?
4. మీ ఊరి నుంచి పెద్ద రోడ్డు ఎక్కే చోట ఏ గుర్తు ఉంది? లేకపోతే పెట్టమని పంచాయితీకి అర్జీ రాయండి.